నీ చించిల్లా కుందేలు

అక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా నీ కుందేలు సంగతి నీకు కాక ఎవరికి చెప్పను?

పోయిన వారం రాజమండ్రిలో వడగాడ్పులు. మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. చించిల్లా అంటే చలిదేశపు జాతి, ఒళ్లంతా ఒత్తుగా బొచ్చు, పైగా చూలుతో ఉంది. గూట్లో పక్కకి ఒరిగిపోయి ఎగశ్వాస తీస్తోంది. నీ కూతురు సునీత కేక పెట్టింది. పక్కింటి మామ్మగారు బకెట్టుతో నీళ్లు పట్టుకొచ్చారు.

“ముంచేద్దామమ్మా, చల్లబడుద్ది.”

“వద్దండీ, ముంచితే బెదిరి గుండె ఆగిపోతుంది. చెవులు తడిపితే చాలండి,” అన్నాను. నువ్వు నేర్పిందే.

చల్లటి గచ్చు మీద పడుకోబెట్టి, తడిగుడ్డతో చెవులు తుడుస్తూ కూర్చున్నాను. సునీత విసనకర్రతో విసిరింది. కాసేపటికి దాని ఊపిరి నెమ్మదించింది. సాయంత్రానికి లేచి గడ్డి కొరికింది.

“అమ్మ కూడా చెవులే తడిపేది పిన్నీ,” అంది సునీత. నువ్వు పోయాక ఆ పిల్ల నోట ‘అమ్మ’ అన్న మాట వినడం అదే మొదలు.

నిన్న కుందేలు ఈనింది. తన బొచ్చే పీకి పిల్లలకు పక్క పరిచింది. సునీత ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. చూడ్డానికొచ్చిన స్నేహితురాలు “ఎవరివే ఇవి?” అని అడిగితే, తలెత్తి చెప్పింది:

“మా అమ్మవి. నేనూ పిన్నీ పెంచుతున్నాం.”

నీ చెల్లి