మా ఇంటి సీసాలో రుచి లేదట

గ్రబోవిత్సా,
ఆగస్టు చివరి ఆదివారం

ప్రియమైన కూమ్ వితోమిర్‌కు,

మా పెళ్లిరోజున నువ్వు నాకు చేసిన అవమానం ఇంతవరకు నోరు తెరిచి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. చర్చి నుంచి వచ్చి బల్లల దగ్గర కూర్చున్నాం. బల్ల మీద నా చేత్తో కాచిన ప్లమ్ సారా, మన రాకియా, ఉంది. పక్కన నువ్వు తెచ్చింది ఉంది. పెళ్లికూతురు మొదటి గ్లాసు ఎవరి ముందుకు చాపింది? నీ ముందుకు. "కూమ్ పోస్తాడు" అంది. మా అమ్మ చూసింది. రెండు ఊళ్ల జనం చూశారు. నువ్వు పళ్లికిలిస్తూ పోశావు. నేను నా సీసా తీసి బల్ల కింద పెట్టాను. పెళ్లి ముగిసేదాకా మళ్లీ పైకి తీయలేదు.

పెళ్లికి సాక్షిగా నిలబడ్డ కూమ్‌తో తగువు పెట్టుకోవడం మన దగ్గర పాపం. అందుకే ఇన్నేళ్లు మింగాను. నీ భార్య పోయినప్పుడు శవపేటిక మోశాను. కానీ నువ్వు మళ్లీ అదే పని చేస్తున్నావు. ఈసారి నా ఇంట్లోకే సీసా పంపి మరీ.

సంగతి నీకు తెలుసు. వసంతంలో డాక్టరు మా ఆవిడ దారింకా ఊపిరితిత్తుల ఫోటో వెలుతురుకు పట్టి చూశాడు. "సిగరెట్ మానకపోతే వచ్చే వసంతానికి నా దగ్గరికి రావలసిన అవసరం ఉండదమ్మా" అన్నాడు. పొగాకు ఆకులు దండలు గుచ్చుతూ పెరిగిన పిల్ల, మానమంటే మానుతుందా? ఆవిరి సిగరెట్ కొన్నాం. అందులో పోయడానికి అంగడిలో అమ్మే ద్రవం సబ్బులా ఉందంది. సరే, నేనే చేస్తానన్నాను. రాకియా కాచేవాడికి ఇదెంత పని? గ్లిజరిన్, దాన్ని పల్చబరిచే మందు తెచ్చాను, నికోటిన్ తెచ్చాను, నీష్ నుంచి దున్యా పండు ఎసెన్స్ తెప్పించాను. చలికాలం బీరువా మీద పండు పెడితే దుప్పట్లకు కూడా పట్టే ఆ దున్యా వాసన ఆమెకు ప్రాణం.

"ఎలా ఉంది?" అన్నాను.

"వేడినీళ్లు పీల్చినట్టుంది" అంది.

ఎసెన్స్ పెంచాను. మళ్లీ ఇచ్చాను.

"ఇప్పుడు పర్వాలేదు. వేడినీళ్ల పక్కన నిలబడి ఎవరో దున్యా అని పేరు చెప్పినట్టుంది."

ఇంతలో డ్రైవరు సిమా బస్సులో నీ సీసా దిగింది. దారింకా ఒక్క దమ్ము లాగి కళ్లు మూసుకుంది. "దున్యా అంటే ఇదీ" అంది. నా ఇంట్లో, నా పొయ్యి పక్కన, నేను చూస్తుండగా! ఇప్పుడు నీ సీసా ఆమె గౌను జేబులో తిరుగుతోంది. నాది కిటికీలో ఈగలకు కాపలా కాస్తోంది.

నేను బతిమాలడం లేదు. అడుగుతున్నాను. అందులో ఏం కలిపావు? పంచదారా? తేనా? ఫోన్లో నీ చెవికి వినపడదు కాబట్టి, రాయడం నాకు ఎంత కష్టమో తెలిసీ రాస్తున్నాను. జవాబు సిమా చేతికివ్వు.

ఇంకా నీ కూమ్‌నే,
స్టోయాదిన్


నీష్,
సెప్టెంబరు మొదట్లో

ప్రియమైన ఉడుకుమోతు కూమ్ స్టోయాదిన్‌కు,

నీ ఉత్తరం బస్సు స్టాపులోనే విప్పి చదివాను. పక్కన కూర్చున్న ముసలమ్మ "ఎవరైనా పోయారా నాయనా, అలా ఊగిపోతున్నావు" అని అడిగింది. నవ్వు ఆగడం లేదమ్మా అన్నాను.

ఒరేయ్, పంచదార లేదు, తేనె లేదు. పంచదార వేస్తే ఆవిరి సిగరెట్ లోపల వేడెక్కే తీగ, కాయిల్, మాడి బొగ్గవుతుంది. ఆ గ్లిజరిన్ నువ్వు కొన్న అంగడిలోనే కొన్నాను. ఆ ఎసెన్సూ అదే. నిజానికి నీకు పంపిన ఎసెన్స్ పెద్ద సీసా, నాది చిన్నది. కాబట్టి లోపం సరుకులో లేదు, నీ చేతిలో ఉంది. నువ్వు ఎలా చేస్తున్నావో మొదటి నుంచి చివరిదాకా రాయి. అరవకుండా రాయి.

ఇంకో మాట. నీ ఇంట్లోకి సీసా పంపావు, పంపావు అంటున్నావు. నా అంతట నేను పంపలేదు. దారింకా డాక్టరు దగ్గరికి వచ్చినరోజు మా ఇంటికొచ్చింది, కాఫీ తాగింది, తనే అడిగి పంపించుకుంది. నీతో చెప్పే ఉంటుంది అనుకున్నాను.

ప్లమ్‌లు ఈసారి ఎలా కాశాయి? మా మేడ మీద కుండీలో టమాటా తప్ప ఏమీ కాయదు.

నీ కూమ్,
వితోమిర్


గ్రబోవిత్సా,
సెప్టెంబరు, శిలువ పండుగకు ముందు

కూమ్ వితోమిర్‌కు,

ప్రియమైన అని ఈసారి రాయను.

నాతో చెప్పలేదు. డాక్టరు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారంది. అందుకే సాయంత్రం బస్సుకు వచ్చానంది. నేను నమ్మి సూపు వేడి చేసి పెట్టాను. ఆమె మాత్రం నీ ఇంట్లో, నీ భార్య కుర్చీలో కూర్చుని కాఫీ తాగింది.

నీ ఉత్తరం చూపించి అడిగాను. "కూమ్ ఇంటికెళ్లావా?"

"వెళ్లాను."

"ఎందుకు?"

"రుచి కోసం."

"నా దాంట్లో లేనిది వాడి దాంట్లో ఏముంది?"

"దున్యా" అంది. చూడు, ఎంత తేలిగ్గా అందో.

నాకు తిక్క రేగింది. ఆమె గౌను జేబులోంచి నీ సీసా లాక్కుని ప్లమ్ చెట్టు మొదట్లో పారబోశాను. ఆమె మేత బుట్ట తీసుకుని కోళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. మా ఆవిడ తిట్టకుండా వెళ్లిపోతే ఎంత భయమో నీకు తెలియదు. మర్నాడు పొద్దున కోళ్లగూడు వెనకనుంచి పొగ లేస్తోంది. ఆకులు తగలబెడుతోందేమో అనుకుని వెళ్లాను. గూడుకు ఆనుకుని కూర్చుని సిగరెట్ కాలుస్తోంది. నన్ను చూసి దాచలేదు. "వేడినీళ్లు పీలుస్తూ ఎన్నాళ్లు బతకమంటావు, స్టోయాదిన్?" అంది. దగ్గు వచ్చింది. నేను ఆమె వీపు రాస్తూ నిలబడ్డాను. ఆ దగ్గు నువ్వు వినలేదు కూమ్.

అందుకని రాస్తున్నాను. ఎలా చేస్తున్నానో చెబుతాను. రాకియా చేసినట్టే చేస్తున్నాను, ఇంకెలా చేస్తాను? గ్లిజరిన్ చిక్కగా, ఎక్కువగా పోస్తాను, ఆవిరి దండిగా వస్తుందని. నికోటిన్ చేతికి తొడుగు వేసుకుని కొలిచి పోస్తాను, అందులో తప్పులేదు. ఎసెన్స్ వేసి కలుపుతాను. మూత తీసి, సీసా మూతికి పల్చటి గుడ్డ కట్టి, దక్షిణపు కిటికీలో ఎండలో పెడతాను. కొత్త రాకియా ఊపిరి పీల్చుకోకపోతే ఘాటు పోదు కదా, మా నాన్న నేర్పిందే. ఒక్కరోజు పెట్టి ఆమెకు ఇస్తాను. చాల్లేదంటే ఎసెన్స్ పోస్తాను. ఇప్పుడు సీసాలో పావువంతు ఎసెన్సే. అయినా ఆమెకు రుచి తెలియదట. నాకూ తెలియదు, కానీ ఆమెతో అనలేదు.

తప్పు ఉంటే చెప్పు. లేకపోతే ఊరుకో.

స్టోయాదిన్


నీష్,
వెంటనే, అదే వారం

ప్రియమైన కూమ్ స్టోయాదిన్‌కు,

ఒరేయ్ మొద్దూ! గుడ్డ కట్టి ఎండలో పెట్టావా? రాకియాలో దిగిపోవలసిన ఘాటు ఉంటుంది, అందుకు మూత తీస్తాం. దీంట్లో ఎగిరిపోయేది దున్యా వాసన ఒక్కటే. అంటే వేసవంతా నువ్వు నీ పెళ్లాం కోసం చేసింది కిటికీలోంచి కందిరీగలకు పంచిపెట్టావు. మీ వీధిలో కందిరీగలు ఈ ఏడు మహా సుఖపడి ఉంటాయి.

చెప్పేది విను. ఎసెన్స్ ఇప్పుడు వేసేదాంట్లో సగం కంటే తక్కువ వెయ్యి. ఎక్కువైతే నాలుక మొద్దుబారుతుంది, ఇంకా ఇంకా వేసినకొద్దీ ఇంకా ఇంకా చప్పగా అవుతుంది. గ్లిజరిన్ తగ్గించు, అది చిక్కబడితే రుచిని కప్పేస్తుంది. పల్చబరిచే రెండోది ఉంది కదా, ప్రొపిలీన్ గ్లైకాల్, అది పెంచు. బాగా కుదిపి మూత బిగించి, నల్లగుడ్డ చుట్టి, బట్టల బీరువాలో పెట్టు. రెండు వారాలు. ముట్టుకోకు. రోజూ ఒకసారి కుదుపు, తెరవకు. నువ్వు ఆగలేవని నాకు తెలుసు. ఆగు. ఆమెకు ఇచ్చేముందు పాత కాయిల్ తీసి కొత్తది పెట్టు, దానికి అంటిన నీ పాత పాపాలన్నీ రుచిని చెడగొడతాయి.

పెళ్లినాటి సంగతి. చెప్పకూడదనుకున్నాను గానీ నువ్వే లేపావు. ఆరోజు నీ చెయ్యి ఆకులా వణుకుతోంది. దారింకా నా వైపు వంగి "కూమ్, ఆయన పోస్తే ఒలుకుతుంది, అత్తగారు నవ్వుతుంది, నువ్వు పొయ్యి" అంది. పోశాను. బల్ల కింద నువ్వు దాచిన రాకియా తర్వాత నేనే తీసి తాగాను, బాగానే ఉంది.

కాఫీ తాగిన రోజున ఏమందో కూడా విను. "కూమ్, ఆయన పొద్దస్తమానం ఆ సీసాల మీదే ఉంటున్నాడు. బాగుందని అబద్ధం చెబితే నేను మళ్లీ సిగరెట్‌కు పోతాను. బాలేదంటే ఆయన అన్నం మానేస్తాడు. నేర్చుకునేదాకా నాకొక సీసా ఇవ్వు, దాంతో ఓర్చుకుంటాను" అంది. అర్థమైందా? నా సీసా నీకోసం ఓర్చుకోవడానికి.

నువ్వు నన్ను చూసి ఉడుక్కుంటున్నావు. నేను చేసింది బాగుందో బాలేదో చెప్పే మనిషి నా ఇంట్లో లేదు. నీ ఇంట్లో వేడినీళ్లలా ఉందని మొహం మీద అనే మనిషి ఉంది. ఉడుక్కోవలసింది ఎవరో నువ్వే ఆలోచించు.

ఇక నేను సీసా పంపను. ఈ రెండు వారాలు ఆమె కోళ్లగూడు వెనక్కి వెళ్లకుండా చూసుకోవడం నీ వంతు.

నీ కూమ్,
వితోమిర్


గ్రబోవిత్సా,
అక్టోబరు, మంగళవారం

ప్రియమైన కూమ్ వితోమిర్‌కు,

నా చెయ్యి వణకలేదు. వణికిందే అనుకో, చలికి వణికింది. పెళ్లి జూలైలో అయితే ఏం, పొద్దున గాలి వీచింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఎసెన్స్ తగ్గిస్తుంటే ఇంట్లో వాళ్ల నోటిదగ్గర కూడు లాక్కున్నట్టు అనిపించింది, అయినా తగ్గించాను. దుప్పట్ల కింద దాచాను. రోజూ పొద్దున బీరువా తెరిచి కుదిపి మూసేవాణ్ని. ఆమె "ఏం వెతుకుతున్నావు?" అంటే "మేజోళ్లు" అన్నాను. వారం గడిచేసరికి "ఎన్ని కాళ్లు మొలిచాయి నీకు?" అంది.

ఆమెను సిగరెట్ ముట్టనివ్వకుండా ఎలా ఆపానో చెబితే నవ్వుతావు. ఐవార్ పచ్చడి పెట్టే కాలం కదా. పెద్ద ఎర్ర తియ్య మిరపకాయలు బండి నిండా తెప్పించాను. "ఇన్నెందుకు? పెళ్లి చేస్తున్నావా?" అని అరిచింది. పెరట్లో రేకు మీద కాల్చడం నేను, తోలు తీయడం ఆమె. మిరపకాయ తోలు తీస్తున్నప్పుడు పది వేళ్లకూ జిగురు, నల్లమసి. ఆ చేతులతో సిగరెట్ పట్టుకుంటే తడిసి ఆరిపోతుంది. ఆమె ఆగినప్పుడల్లా నేను ఇంకో బుట్ట కాల్చి ముందు పెట్టాను. చివరికి నేనూ పక్కన కూర్చుని తోలు తీశాను. ఎప్పుడూ ముట్టని పని. "ఇలా కాదు, కండంతా ఊడదీస్తున్నావు" అని నా చేతుల మీద కొట్టింది. మాట్లాడుకున్నాం. మీ ఇంట్లో తాగిన కాఫీ నీళ్లగా ఉందట. ఆమాట నాకు బాగా నచ్చింది. ఒకరోజు మాత్రం కోళ్లగూడు వైపు వెళ్లింది. నేను బుట్ట పట్టుకుని వెనకే వెళ్లాను. "దున్నపోతులా వెంటపడుతున్నావు" అని తిరిగొచ్చేసింది.

నిన్న తీశాను. మూత తిప్పగానే బీరువా గది దున్యా గదైంది. నా చేత్తో చేసింది కూమ్! చెట్టు మీద పండు విరిచినట్టుంది. కొత్త కాయిల్ పెట్టి, నింపి, ఏమీ ఎరగనట్టు పొయ్యి పక్కన ఆమె చేతికిచ్చాను. లాగింది. కళ్లు మూసుకుంది. పొయ్యిలో కట్టె చిటపటలాడుతోంది. నేను ఇంకో కట్టె ఎగదోశాను.

కళ్లు తెరవకుండానే అంది, "కూమ్ ఎప్పుడు పంపాడు?"

"అది నాది" అన్నాను.

"పో, ముసలోడా."

"నాది, దారింకా. నేనే చేశాను."

"నీ సీసాలో కూమ్‌ది పోసి తెచ్చావు. మొన్న ప్లమ్ చెట్టుకు పోసింది కూడా నీళ్లే అయ్యుంటుంది. అసలుది దాచుకున్నావు."

మా ఇంటి దేవుడి కొవ్వొత్తి మీద ఒట్టు పెట్టాను. నమ్మలేదు. బీరువా తెరిచి నల్లగుడ్డ చూపించాను. "దొంగసరుకు ఎవరైనా నల్లగుడ్డలోనే చుడతారు" అంది. ఇంకో దమ్ము లాగి మళ్లీ కళ్లు మూసుకుంది. పక్కింటి రూజా వాసనకు వచ్చి "ఎవరిదీ?" అంటే "మా కూమ్‌ది" అని చెప్పింది! ఈపాటికి ఊరంతా నీదే అనుకుంటోంది. రేపు రొట్టెల అంగట్లో ఎవడో నన్ను ఆపి "వితోమిర్‌ను నాకూ ఒక సీసా పంపమను" అంటాడు.

నిజం చెబుతున్నాను, ఆమె నిన్నటి నుంచి సిగరెట్ మాట ఎత్తలేదు. రాత్రి దగ్గు కూడా తక్కువే. అది చాలు అని నువ్వు అంటావు. చాలదు. ఇన్నేళ్లు కాపురం చేసినవాణ్ని నేను. పొయ్యి పక్కన కళ్లు మూసుకున్నప్పుడు ఆ మనిషి నన్ను తలుచుకోవాలి, నిన్ను కాదు.

కాబట్టి ఆమెకు ఉత్తరం రాయి. నాకు కాదు, ఆమెకు. "దారింకా, ఆ సీసా నాది కాదు, దాన్ని నేను చూడనైనా చూడలేదు, చేసింది స్టోయాదిన్" అని నీ చేత్తో రాసి కింద సంతకం పెట్టు. వెటకారం వద్దు, చిన్న జోకు కూడా వద్దు, ఒక్క జోకు కనపడినా మనిద్దరం కలిసి రాశామంటుంది. నన్ను నమ్మదు గానీ నిన్ను నమ్ముతుంది. ఆ లెక్క తర్వాత తేల్చుకుందాం.

శనివారం మధ్యాహ్నం సిమా బస్సు వచ్చేటప్పటికి నేను స్టాపులో నిలబడి ఉంటాను. ఉత్తరం ఆ బస్సులో రావాలి. శనివారం, కూమ్. ఆదివారం కాదు.

నీ కూమ్,
స్టోయాదిన్