పదకొండున్నర అంగుళాలు

నవంబర్ 2, శనివారం

కంప్యూటర్ మళ్ళీ చచ్చింది. నాన్న బస్సు సరిగ్గా వంతెన మీద ఉండగా స్క్రీన్ నల్లబడిపోయింది. ఆయన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఏమైంది నాన్నా అంటే, బ్రేక్‌డౌన్ అన్నాడు.

ఈ పెట్టె తమ్ముడిది. పెళ్ళయి వేరే కాపురం పెట్టినప్పుడు గేమ్‌లతో సహా ఇక్కడే వదిలేసి వెళ్ళాడు. అప్పటికి నాన్న రిటైరై నాలుగు నెలలు. ముప్ఫయ్యొక్కేళ్ళు బస్సు నడిపిన మనిషి, కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయే బస్సులు లెక్కపెడుతుంటే చూడలేక, అందులో ఉన్న బస్సు గేమ్ నేనే పెట్టించాను. స్టీరింగ్, పెడల్స్ కూడా కొన్నాం. ఆరేళ్ళయింది. ప్రతి ఆదివారం ఉదయం పదింటికి, ఆన్‌లైన్‌లో ఎక్కడెక్కడి వాళ్ళో పది మంది ఒకరి వెనక ఒకరు బస్సులు నడుపుకుంటూ పోతారు. ముందు బస్సు నాన్నది. వాళ్ళందరికీ ఈయన పెద్దాయన. వారం మొత్తంలో నాన్న కూనిరాగం వినిపించేది ఆ గంటసేపే.

మూడు నెలలుగా ఒకటే గోల. ఎదురొచ్చే బండి లైట్లు చెదిరిపోతున్నాయట. దారంతా పొగమంచులా ఉందట. బోర్డులు చదవలేకపోతున్నాడట. తమ్ముడికి ఫోన్ చేస్తే, గ్రాఫిక్స్ కార్డు పోతోందక్కా, దానికి వయసైపోయింది, కొత్తది వెయ్యాల్సిందే అన్నాడు. వేస్తే పోలా, కార్డే కదా అన్నాను.

నవంబర్ 3, ఆదివారం

పదింటికి బయల్దేరారు. పదీ పన్నెండుకి ఆగిపోయింది. నాన్న భోజనం సగంలో లేచాడు.

నవంబర్ 5, మంగళవారం

కార్డే కదా అన్న నా నోటిని ఓవర్‌లాక్ చేసి కుట్టెయ్యాలి.

నిన్నటి నుంచి తమ్ముడు పద్నాలుగు లింకులు పంపాడు. ముందు ఎనిమిది జీబీ చాలన్నాడు. సాయంత్రానికి పన్నెండు లేకపోతే దండగన్నాడు. పొద్దున లేచేసరికి, అంత పెద్ద కార్డు పెడితే మన పాత ప్రాసెసర్ దాన్ని ముందుకు కదలనివ్వదన్నాడు. మధ్యాహ్నం ఇంకోటి, పవర్ సప్లై చాలదేమో చూడాలన్నాడు. ఇప్పుడేమో రెండు నెలలాగు అక్కా, కొత్త సిరీస్ వస్తోంది, వీటి రేట్లు పడిపోతాయి అంటున్నాడు.

ఒరే నాయనా, కింద నా టైలరింగ్ షాపులో హోటల్ వాళ్ళ యూనిఫారం ఆర్డరు, అరవై ప్యాంట్లు కుట్టాలి, ఒక్క పేరు చెప్పి పుణ్యం కట్టుకో అన్నాను. అది మన అవసరాన్ని బట్టి ఉంటుందక్కా అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి పద్నాలుగు లింకులా.

నాన్న అవసరం బస్సు నడపడం. ఇంకెలా చెప్పను?

నవంబర్ 8, శుక్రవారం

గ్రాఫిక్స్ కార్డులు అమ్మే ఆయన షాపుకి వెళ్ళాను. గోడ నిండా డబ్బాలు. ప్రతి డబ్బా మీదా కత్తి పట్టుకున్న ఒక రాక్షసుడు. బస్సు బొమ్మ ఉన్నది ఒక్కటీ లేదు.

ఆయన అడిగినవి: పవర్ సప్లై ఎన్ని వాట్లు, మదర్‌బోర్డు ఏది, క్యాబినెట్‌లో, అంటే పెట్టెలో, కార్డుకి ఎన్ని అంగుళాల చోటుంది. నాకు ఒక్కటీ తెలియదు. కొలతలు తేకుండా వచ్చి సూటు కుట్టమనే వాళ్ళని నేనెలా చూస్తానో, ఆయన నన్నలా చూశాడు. సిగ్గేసింది.

సెకండ్ హ్యాండ్‌ది ఒకటి చూపించాడు. ఫొటో తీసి తమ్ముడికి పంపితే ఒంటికాలి మీద లేచాడు. వద్దే వద్దు, అలాంటి వాటిని రాత్రింబవళ్ళు ఆపకుండా వాడి పిప్పి చేసి అమ్ముతారట. మరి ఏది కొనాలిరా అంటే, చూద్దాం అక్కా అన్నాడు.

నవంబర్ 9, శనివారం

మిషను దగ్గర నుంచి లేవడానికి లేదు. టేపు ఇచ్చి నాన్నని పైకి పంపించాను. క్యాబినెట్ మూత విప్పి, కార్డు పెట్టే చోటు కొలిచి రమ్మన్నాను. పదకొండున్నర అంగుళాలు అని చెప్పాడు. అదే కార్డులాయనకి ఫోన్‌లో చెప్పాను.

నాన్న బాబిన్‌కి దారం చుడుతూ, తమ్ముడు చెప్పినట్టు రెండు నెలలు ఆగితే పోయేదేముంది, తొందరేముందమ్మా అన్నాడు. మూడు నెలలుగా పొగమంచు పొగమంచని నా ప్రాణం తీసిన మనిషి! తొందరేముందట.

నవంబర్ 13, బుధవారం

నాలుగు ప్యాంట్లు విప్పాను. నేవీ బ్లూ బట్ట మీద నల్లదారం. దారపు రీళ్ళు అందించేది నాన్న. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా షాపులో ఆయన పని అదే, దారాలు, బాబిన్లు, గుండీలు. నేనూ తల ఎత్తి చూసుకోలేదు, నా తప్పూ ఉంది. కానీ అరిచాను. ఆరేళ్ళుగా చేస్తున్న పని కదా నాన్నా, నలుపూ నీలమూ తేడా తెలియకపోతే ఎలా అని. ట్యూబ్‌లైట్ డల్‌గా ఉందమ్మా అన్నాడు.

ట్యూబ్‌లైట్ మార్పించాను. బట్ట నిండా సూది పోట్లు. ఇస్త్రీ పెట్టినా పోవడం లేదు.

నవంబర్ 16, శనివారం

కార్డు వచ్చింది. మూడు ఫ్యాన్లు, పదకొండు అంగుళాలు. తమ్ముడు ఎట్టకేలకు ఇదే బెస్టని తేల్చిన మోడల్. కార్డులాయన స్వయంగా ఇంటికొచ్చి, పాతది పీకి, కొత్తది పెట్టబోయాడు. పట్టలేదు. ఇలా తిప్పాడు, అలా తిప్పాడు. అరంగుళం బయటికి వస్తోంది.

నేను టేపు తీసుకుని కొలిచాను. పదిన్నర.

ఈ టేపు సంగతి షాపులో అందరికీ తెలుసు. నాకు పని నేర్పిన మాస్టారు ఇచ్చింది. మొదటి అంగుళం ఎప్పుడో తెగిపోయింది. ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి, వచ్చిన కొలతలోంచి ఒకటి తీసెయ్యాలి. నిన్న మొన్న చేరిన వాళ్ళు కూడా మర్చిపోరు. నాన్నా, ఒకటి తియ్యలేదా అని అడిగాను. కార్డులాయన ముందే అడిగాను, గొంతు కూడా పెద్దదైంది.

మర్చిపోయానమ్మా, తప్పు నాదే అన్నాడు.

ఆయన అలా అన్నాక నాకు వింతగా అనిపించింది. తప్పు నాదే అన్న మాట ఈయన నోట నేనెప్పుడూ వినలేదు. బస్సుతో డిపో గేటుని గీరేసినప్పుడు కూడా, గేటు పెట్టాల్సిన చోట పెట్టలేదని వాదించిన మనిషి. పైగా ముఖంలో బాధేమీ లేదు. కార్డు పట్టనందుకు కార్డులాయనకి టీ పెట్టి ఇచ్చాడు, బిస్కెట్లతో సహా. నాకు ఒళ్ళు మండిపోయింది.

నవంబర్ 17, ఆదివారం

నాన్న ట్రిప్పులో చేరలేదు. పాత కార్డు తిరిగి పెట్టించినా స్టీరింగ్ ముట్టుకోలేదు. హెడ్‌ఫోన్ మాత్రం పెట్టుకుని విన్నాడు. బండి వర్క్‌షాపులో ఉందని వాళ్ళకి చెప్పాడు. పెద్దాయన లేకుండా ముందు ఎవరు నడుపుతారని అవతల వాళ్ళు గొడవ పడ్డారట. చెబుతూ నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నవంబర్ 19, మంగళవారం

డబ్బా విప్పాక వెనక్కి తీసుకోరట. కార్డులాయన షాపులో గంటన్నర నిలబడ్డాను. ఆయన రూల్ అంటాడు, నేను అరంగుళం అంటాను. చివరికి, మీరు వేసుకున్న ప్యాంటు ఊపిరాడనివ్వడం లేదు కదా, అలాంటివి రెండు తీసుకురండి, నడుము వదులు చేసిస్తానన్నాను. పొట్ట వైపు ఒకసారి చూసుకుని ఒప్పుకున్నాడు.

ఈసారి తమ్ముడిని అడగలేదు. తొమ్మిదిన్నర అంగుళాలు, రెండు ఫ్యాన్లు, ఉన్న పవర్ సప్లై సరిపోతుంది. చాలు. శనివారం తెచ్చి పెడతానన్నాడు. తర్వాత తెలిసి తమ్ముడు అది వేస్ట్ మోడల్ అక్కా అన్నాడు. వేస్టయినా పెట్టెలో పడుతుంది కదరా అన్నాను.

ఇంటికొచ్చి చెబితే నాన్న, ఎందుకమ్మా ఇంత అవస్థ, పాతదే ఉండనీ అన్నాడు. ఇక ఆగలేకపోయాను. మీ కోసమే కదా కాళ్ళరిగేలా తిరుగుతున్నాను, మీకే అక్కర్లేదంటే నేనెవరి కోసం తిరుగుతున్నట్టు అన్నాను. ఆయన బాల్కనీలోకి వెళ్ళాడు. నేను వెనక వెళ్ళలేదు.

నవంబర్ 23, శనివారం

పట్టింది! చప్పుడు లేకుండా కూర్చుంది.

అబ్బ, ఏం బొమ్మ. అద్దం మీద వాన చినుకులు విడివిడిగా జారుతున్నాయి. చెట్లకి ఆకులు లెక్కపెట్టొచ్చు. ముందు బండి నంబరు, దూరంగా బోర్డు మీద ఊరి పేరు, అన్నీ. గేమ్ ముఖం చూడని నాకే ఎక్కి కూర్చోవాలనిపించింది. తెర మీద ఇంతుంటే, ఇన్నాళ్ళూ పాపం ఏం చూస్తూ నడిపాడో అనుకున్నాను.

నాన్న చాలాసేపు స్టీరింగ్ మీద చేతులు పెట్టి కూర్చున్నాడు. ఎలా ఉంది నాన్నా అన్నాను. హాయిగా ఉందమ్మా అన్నాడు. తర్వాత చొక్కా అంచుతో స్క్రీన్ తుడిచాడు. దుమ్మేమీ లేదు. నేను అప్పుడే తుడిచాను.

నవంబర్ 24, ఆదివారం, మధ్యాహ్నం 12:15

కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. నేను వెనక కుర్చీలో కూర్చుని ప్యాంట్ల అడుగు మడతలు కుడుతున్నాను. నాన్న రెండు స్టాపులు ఆపకుండా వెళ్ళిపోయాడు. ఎర్రలైటు నాకు వెనక నుంచి కనిపిస్తోంది, ఆయన దాని కిందికి వెళ్ళాక బ్రేకు వేశాడు.

ఊరికే అడిగాను. ఆ బోర్డు మీద ఏముంది నాన్నా అని. టక్కున చెప్పాడు. ఆయన చెప్పిన స్టాపు అంతకు ముందే దాటిపోయింది. చదవలేదు. ఆరేళ్ళుగా నడిపిన రూటు, మలుపులు లెక్కపెట్టుకుని చెప్పాడు. లెక్క ఒకటి తప్పింది.

సూది చేతిలోనే ఉండిపోయింది. నీలం, నలుపు. పదిన్నర, పదకొండున్నర. పొగమంచు.

అంత పెద్ద తెర ముందు నేను మూడు నెలలు గుడ్డిదానిలా తిరిగాను.

నవంబర్ 25, సోమవారం

షాపు తెరవకముందే, చూపు తగ్గిందా నాన్నా అని అడిగాను. కొట్టి పారేస్తాడనుకున్నాను. చేతిలో ఉన్న బాబిన్ బల్ల మీద పెట్టాడు.

డిపోలో ఏడాదికోసారి కళ్ళ పరీక్ష ఉండేదట. గోడకి ఒకే బోర్డు. ఎన్నేళ్ళయినా మార్చేవాళ్ళు కాదు. డ్రైవర్లు పరీక్షకి ముందు వరుసలు బట్టీ పట్టి ఒకరికొకరు అప్పజెప్పుకునేవారట, చిన్నపిల్లల్లా. ఎక్కువ మందికి చూపు బాగానే ఉండేది, అయినా భయం. నాన్న ఎప్పుడూ బట్టీ పట్టలేదట, చూపు మసకబారిన ఆ ఒక్క ఏడాది తప్ప. ఆ ఏడాదే బోర్డు మార్చారు. నాన్న పాత బోర్డంతా పైనుంచి కిందిదాకా గడగడా చదివేశాడట. డాక్టరు నవ్వి, ఇంకోసారి చదవండి అన్నాడట. మర్నాడు స్టీరింగ్ లేదు. చివరి రెండేళ్ళు, బస్సుల్లో జనం మర్చిపోయిన గొడుగులూ సంచులూ రాసుకునే టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. ఆ సంగతి నాకు తెలుసు. మోకాళ్ళ నొప్పుల వల్ల అని మాకు చెప్పాడు. అప్పుడిచ్చిన కళ్ళజోడే ఇప్పటికీ పెట్టుకుంటున్నాడు. మళ్ళీ కళ్ళ డాక్టరు గడప తొక్కలేదు.

మరి టేపు అన్నాను. అంకెలు కనబడలేదమ్మా, జానతో కొలిచి చెప్పాను అన్నాడు.

తర్వాత ఇలా అన్నాడు. ముందు నిజంగా కార్డేననుకున్నానమ్మా, తమ్ముడు కూడా అదే అన్నాడు కదా. టేపు దగ్గర అనుమానం వచ్చింది, దారాల దగ్గర అది గట్టిపడింది. కొత్త కార్డు పెడితే తేలిపోతుంది. అందుకే అది రాకపోతే బావుండుననిపించింది.

నాలుగు ప్యాంట్ల కోసం నేనెంత మాట అన్నానో గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. ఆయన ఓదార్చబోయి, తడుముకుని, ఒక గుడ్డముక్క అందించాడు. కళ్ళు తుడుచుకోమని. అది ఇస్త్రీ గుడ్డ.

తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఎఫ్‌పీఎస్ ఎంత వస్తోందక్కా, బొమ్మ సాఫీగా కదులుతోందా అని. ఫోన్ బోర్లా పెట్టాను.

నవంబర్ 28, గురువారం

డాక్టరమ్మ గోడ మీది బోర్డు చూపించి చదవమంది. నాన్న ఒకసారి నా వైపు చూశాడు. పై పెద్దక్షరం తప్ప ఏమీ కనిపించట్లేదమ్మా అన్నాడు.

రెండు కళ్ళకీ శుక్లాలు. బాగా ముదిరాయి, అయినా ఆపరేషన్ చేస్తే మళ్ళీ చక్కగా కనిపిస్తుందట. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని కోప్పడింది. నాన్న అవేమీ వినలేదు. మళ్ళీ బస్సు నడపొచ్చా అని అడిగాడు. ఆవిడ కలం ఆగిపోయింది. ఇప్పుడు నడుపుతున్నారా అంది. గేమ్ అండీ, గేమ్ అని నేను అడ్డుపడి చెప్పాను.

డిసెంబర్ 8, ఆదివారం, ఉదయం 11:20

కుడి కంటి ఆపరేషన్ మొన్న అయింది. వారం దాకా స్టీరింగ్ వద్దన్నారు. ముందు బస్సు నేనే నడిపాను. నాన్న పక్కన నల్లకళ్ళద్దాలతో. మొదటి స్టాపులోనే స్తంభాన్ని గుద్దాను. కళ్ళు కనిపించట్లేదా నీకు అని అరిచి, దాని మీది బోర్డు చివరి అక్షరం దాకా చదివి వినిపించాడు.