లేని గదులకు పన్ను

మన ఊరి నుంచి,
12 ఆగస్టు 1962

చిరంజీవి చెంగయ్యకు నాయన మస్తానయ్య దీవించి రాయడమేమంటే, ఇక్కడ నేనూ మీ అమ్మా, బర్రె దూడలతో సహా కులాసాగా ఉన్నాము. భిలాయిలో నువ్వు కూడా వేళకు తిని, ఆ కొలిమి వేడిమి దగ్గర ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను.

నీ జాబు చేరింది. అడిగినవాటికి వరసగా చెబుతాను. దూడ గడ్డి కొరుకుతోంది. గాలివానకు లేచిపోయిన పెంకుల బదులు విడవలూరు నుంచి కొత్తవి తెచ్చి సగం కప్పించాను. నీ మోకాలికి ఆముదం పట్టించమంటోంది మీ అమ్మ. ఇక ఇంటిపన్ను సంగతి నువ్వు ఒక్క ముక్కలో అడిగావు, అల్లూరు సంబంధం సంగతి మూడు చోట్ల అడిగావు. రెండూ ఒకటే కథరా. అందుకే ఈ జాబు పొడుగవుతుంది. కోపం తెచ్చుకోకుండా చదువు, కోపమంతా నేనే తెచ్చుకున్నాను.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నేను సర్వితోపులో కట్టె కొట్టిస్తుంటే మన ఇంటికి ఒకాయన వచ్చాడు. చేతిలో గొడుగు, కాళ్ళకు కిర్రు చెప్పులు, చంకలో సంచి. పంచాయతీ నౌకరు దారిలో టీ అంగడి దగ్గర ఆగిపోయాడట, ఆయన వెంట లేడు. ఆయన తానెవరో చెప్పకుండా చూరు కేసీ గోడల కేసీ చూస్తూ మంచినీళ్ళు అడిగాడు. అల్లూరు వాళ్ళు పిల్లనిచ్చే ముందు గుట్టుగా మనిషిని పంపి ఇల్లు చూసుకుంటారని మీ అమ్మ అప్పటికి ఎన్నాళ్ళ నుంచో కనిపెట్టుకొని ఉంది. ఇంకేముంది, పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది, అలసంద వడలు వేడివేడిగా వేసి పెట్టింది. ఎన్ని గదులని ఆయన అడిగితే, "ముందర మూడు, వెనకాల రెండు. అవీ మావే నాయనా" అని వెనకింటి పోలేరయ్య గదులు రెండూ మనకు కలిపేసింది. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న బావి మన ఒక్కరిదే అయింది. తాటాకు వంటిల్లు వచ్చే ఏటికి మిద్దె అవుతుందని కూడా చెప్పింది. ఆయన వడలు తింటూనే అన్నీ రాసుకున్నాడు. ఎంత మర్యాదస్తుడో, ఒక్క వంకైనా పెట్టలేదని ఆ సాయంత్రం నాతో చెప్పి మురిసిపోయింది. పన్ను వేసే గుమాస్తా వంకెందుకు పెడతాడు?

నోటీసు వస్తే గాని తెలియలేదు. పన్ను మూడింతలు చేశారు. ఆఫీసుకు వెళితే గుమాస్తా, "మీ ఇంటామె చెప్పిందే రాసినాను పెద్దాయనా. వడలు తిన్న నోటితో అబద్ధం చెప్తానా?" అన్నాడు. ఇంకోసారి వెళితే ఆఫీసరు లేడు. ఆఫీసరు ఉన్న రోజున నా కాగితం కనబడలేదు. ఇంటికి వచ్చి కళ్ళతో చూడండి సార్ అంటే, "చూసే గదయ్యా వేసింది" అంటాడు. లేని గదులు ఎట్లా చూశార్రా వీళ్ళు? అవే గదులకు పోలేరయ్య దగ్గరా పన్ను పట్టుకుంటున్నారు. ఒక్క బర్రెను రెండిళ్ళ వాళ్ళు పితికినట్టుంది.

ఆ మంటతో అర్జీ నేనే రాశాను. ఉప్పుగాలికి గోడలు పొడి రాలుతున్నాయనీ, వానొస్తే నడిమింట్లో తపేలాలు పెట్టుకొని పడుకుంటామనీ, మిద్దె అనేది మా ఇంటిదాని ఆశే తప్ప నా తాహతు కాదనీ ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాను. ఆ పూట మీ అమ్మ అన్నం ముట్టలేదు. "ఈ మాట అల్లూరు చేరకుండా ఉంటాదా? మీకు పన్ను మిగల్తాది, నాకు పెండ్లి కాని కొడుకు మిగల్తాడు" అంది. నీ నోటి దూల వల్లే గదా ఇదంతా అని నేను తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను.

పోయిన బుధవారం విచారణ. పేరు పిలిస్తే లేచి నిలబడ్డాను. ఎదురుగా బల్ల మీద పద్మనాభయ్య కూర్చొని ఉన్నాడు, అల్లూరు అమ్మాయి మేనమామ. ఆయనకు మన ఊళ్ళో ఒక కొట్టం ఉంది, దాని పన్ను మీద ఆయనా అర్జీ పెట్టుకున్నాడట. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. అప్పుడే ఆఫీసరు, "ఏమయ్యా, నీ ఇల్లు మూడు గదులా, ఐదా?" అని అడిగాడు.

ఇంతవరకూ రాసి, కలం పక్కన పెట్టి, బర్రెకు గడ్డి వేసి వచ్చాను. ఇక దాచి లాభం లేదు. నేను ఐదేనన్నానురా. ఇన్నాళ్ళు చెప్పులరిగేలా తిరిగి, కనబడ్డవాడితోనల్లా పోట్లాడి, ఐదేనండీ అన్నాను. బావి ఎవరిదంటే మాదేనన్నాను. మరి ఈ అర్జీ ఏమిటంటే కోపంలో రాశానన్నాను. నువ్వు మూడు చోట్ల అడిగిన సంగతే ఆ క్షణాన కళ్ళ ముందు మెదిలింది. అర్జీ కొట్టేశారు. అక్కడికక్కడే పన్ను కట్టి, సిగ్గుతో తల వంచుకొని బయటపడ్డాను.

పద్మనాభయ్య నా వెనకే వచ్చాడు. "మా కొట్టానికి అర్జీ ఎట్లా రాయాల్నో తెలీక అడిగితే, గుమాస్తా మీ అర్జీనే చూసి రాసుకోమన్నాడు బావగారూ. దాన్ని తీసకపోయి మా అక్కకు చదివి వినిపించినా. ఇంటి లోపాలే దాచని మనిషి కొడుకు లోపాలు దాస్తాడా, పిల్లనిద్దాం అనింది. ఇప్పుడు నేను పోయి ఏమని చెప్పేది?" అన్నాడు.

ఉండబట్టలేక నిన్న అల్లూరు బస్సెక్కాను. మీ అమ్మను రావద్దన్నాను, వచ్చింది. అమ్మాయి తల్లి రాఘవమ్మ గారు అరుగు మీద మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. వడల దగ్గర నుంచి ఐదు గదుల దాకా అంతా చెప్పేశాను. మీ అమ్మ తల ఎత్తలేదు. రాఘవమ్మ గారు చేతిలో పని ఆపకుండా విని, "అయితే ఐదు గదులకూ పన్ను చెల్లించేసినారా?" అని అడిగింది.

"చెల్లించాను."

"రసీదుందా?"

తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంక ఈ మాటను అబద్ధం చేయబాకండి. ఆ రెండు గదులూ వేయించండి. మా పిల్ల ఐదు గదుల ఇంటికే వస్తాది" అని రసీదు కొంగున ముడేసుకుంది.

లేని గదులకు పన్ను కట్టినవాణ్ణి నేనే, ఆ పన్నుకు తగ్గ గదులు వేయాల్సినవాణ్ణీ నేనే. ఈ న్యాయం ఏ ఊళ్ళోనైనా ఉందా? మీ అమ్మకు మాత్రం దిగులే లేదు. పోలేరయ్య గోడకు ఇవతల, మన బర్రె కొట్టం పక్కన, పొద్దుటి నుంచి తాడు పట్టుకొని కొలుస్తోంది. నువ్వు నాలుగోసారి అడగకముందే ఇదీ రాస్తున్నాను: మేం వచ్చేస్తుంటే ఆ అమ్మాయి తలుపు చాటు నుంచి మీ అమ్మను చూసి నవ్వింది.

తాడు రెండో కొస పట్టుకోమని మీ అమ్మ కేకేస్తోంది. వెళ్ళకపోతే ఊరుకోదు.

ఇట్లు,
ప్రస్తుతానికి మూడు గదుల ఆసామి,
మీ నాయన
మస్తానయ్య