బియ్యం డబ్బాలో ఫోన్లు

అక్కయ్యకు, బాచుపల్లి నుంచి తమ్ముడు సుబ్బరాయుడు, ఇంత దూరం నుంచే నీ కాళ్లకు మొక్కి రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? బావకు దగ్గు ఎలా ఉంది? నీకు ఫోన్లో మాట వినపడదు కాబట్టి కాగితం పట్టుకున్నాను.

జమ్మలమడుగు వదిలి వచ్చి నాలుగు నెలలైంది. మా ఇల్లు పద్నాలుగో అంతస్తు. కొడుకూ కోడలూ పొద్దున్నే మాదాపూర్ ఆఫీసులకు పోతారు, చీకటి పడ్డాక వస్తారు. కూరల్లో కారం ఉండదు. అయినా తింటున్నాను, దిగులు పడొద్దు. తెచ్చుకున్న పుస్తకాలన్నీ రెండోసారి చదివేశాను. మాట్లాడడానికి రెండో తరగతి చదివే మనుమరాలు మేఘన ఉందనుకున్నాను. తల్లి వాడి వదిలేసిన ఫోన్ దాని చేతిలో ఉంటుంది. అందులో బొమ్మలు ఆడకపోతే దానికి ముద్ద దిగదు.

నేను పోరగా పోరగా కొడుకు ఒక నియమం పెట్టాడు. రాత్రి ఎనిమిదింటికి భోజనం. ఆ సేపు అందరి ఫోన్లూ ఖాళీ బియ్యం డబ్బాలో. మూడు రోజులు మేఘన నా పక్కన కూర్చుని కథ వింటూ పప్పన్నం తింది. అక్కా, ఈ ఊళ్లో నాకు దక్కిన సుఖం ఆ మూడు పూటలే.

నాలుగో రోజు డబ్బాలో కొడుకు ఫోన్ మోగింది. ఆఫీసులో ఏది చెడినా పలకాల్సిన వంతు ఆ వారం వాడిదట. "తీయకుంటే నా ఉద్యోగానికే ఎసరొస్తాది నాయనా" అని తీసేసుకున్నాడు. తర్వాత కోడలు. కింద గేటు దగ్గరికి ఎవరొచ్చినా ఆమె ఫోన్లో ఒప్పుకుంటేనే పైకి పంపుతారు. ఇక బడివాళ్లు హోంవర్కు పంపేదీ ఫోన్లోకే కాబట్టి మేఘన కూడా తనది తీసుకుంది. మళ్లీ ముగ్గురూ తలలు వంచుకుని తినడం మొదలైంది.

నేను ఊరుకోలేకపోయాను. ముద్ద నోట్లో ఉండగానే పిల్ల చేతిలో ఫోన్ లాగేశాను. అది ఏడవలేదు, ఊరికే చూసింది. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు గ్లాసుకు పుస్తకం ఆనించుకుని తింటున్నానని నువ్వు నాయనకు చాడీ చెప్పావు. ఆయన దాన్ని లాగి పొయ్యిలో పడేశాడు. ఆరోజు నేనూ ఇలాగే చూశాను. పోయేదాకా ఆయనను క్షమించలేదు. నిన్ను క్షమించానని కూడా అనుకోకు.

"ఏంది పెద్దాయనా, పిల్ల నోటికాడి ముద్ద ఆపినవ్. జర ఇచ్చెయ్ రాదు" అంది బోరబండ నుంచి వచ్చే వంటమనిషి యాదమ్మ. ఇచ్చేశాను.

అప్పటినుంచి మేఘన నా పక్కన కూర్చోవడం లేదు. నిన్న మాత్రం డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"తాతా, నీ ఫోన్ వెయ్యి."

"నాదొక్కటేనా?"

"నీకెవరూ చెయ్యరు కదా."

నలభై ఏళ్లు గ్రంథాలయంలో జనం దగ్గర పుస్తకాలు వాపసు తీసుకున్నవాణ్ణి, జేబులోంచి నా ఫోన్ తీశాను. వేశాను.

ఇటు ఎవరైనా వస్తుంటే జొన్నపిండి పంపు. ఇంకొక్కటి. నీ మనవడి చేత ఒకరోజు ఎనిమిదింటికి నాకు ఫోన్ చేయించు. నేను తీయను. డబ్బాలో మోగితే చాలు, పిల్ల వింటుంది.

బావకు నా నమస్కారాలు. ఎంత పోట్లాడినా నీ దీవెన కోరే

తమ్ముడు
సుబ్బరాయుడు