నాన్న గడియలు చూసే వేళ

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. ప్రతిసారీ చేతి అలవాటుగా రాసే ఈ మాటని ఈసారి ఆలోచించి రాశాను, నిజంగానే క్షేమం. అక్కడ నువ్వూ, మరదలూ, పిల్లా బాగున్నారని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ పట్టుకుంటే అమ్మ పక్కన చేరి చెవులు రిక్కించి మరీ వింటుంది. ఇది ఆవిడ వినకూడని సంగతి.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వీధి తలుపుకి కొత్త తాళం వేయించాను. పెరటి తలుపుకి అడ్డకడ్డీ కూడా పెట్టించాను. ఎదురింట్లో దొంగలు పడ్డప్పటినుంచీ వీధివీధంతా చీకటి పడకముందే తలుపులు బిగించుకుంటోంది. మనింటికొచ్చే దొంగకి కుట్టుమిషనూ, నాలుగు జాకెట్ గుడ్డలూ తప్ప ఏం దొరుకుతాయని నేనంటే, "ఆ గుడ్డలు పరాయివాళ్ళవే. పోతే వాళ్ళకేం చెబుతావు?" అంటుంది అమ్మ. ఇక ఆవిడ తలనొప్పి తగ్గింది. అసలు ఈ ఉత్తరం ఆ తలనొప్పి గురించే.

పోయినసారి వచ్చినప్పుడు స్నానాలగది కిటికీకి చెక్క కొట్టించి, సందుల్లో రబ్బరు పట్టీలు దూర్చి వెళ్ళావు కదా, దొంగ చెయ్యి కూడా దూరదని. నిజమే, దూరలేదు. గాలి కూడా దూరలేదు. నిన్ను తప్పుపట్టడం లేదురా, పక్కన నిలబడి మేకులందించింది నేనే. ఆ గదిలో గ్యాస్ గీజరుందని, దాని మంటకి గాలి కావాలని మనిద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

చలి ముదిరాక అమ్మకి సాయంత్రాలు వేడినీళ్ళ వాడకం ఎక్కువైంది. ఆ గదిని ఆనుకునే ఆవిడ పడకగది. తక్కిన కిటికీలు చలికి ఎలాగూ మూసే ఉంచేవాళ్ళం. ఒకరోజు వంట ముగించి వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని తనలో తనే నవ్వుకుంటోంది.

"మీ నాన్న వచ్చారే," అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి, ఇంట్లోకే. ఇప్పుడే గడియలు చూసి వెళ్ళారు."

నీకు గుర్తుందిగా, పడుకోబోయే ముందు నాన్న ఎడమకాలు ఈడ్చుకుంటూ ఇల్లంతా తిరిగి ఒక్కో గడియనీ లాగి చూసేవారు. ఆ చప్పుడు వింటే గానీ అమ్మకి కన్ను మూతపడేది కాదు. ఆయన పోయాక ఆవిడకి సరైన నిద్రే లేదు. అలాంటిది ఒళ్ళు తెలియకుండా పడుకోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే తల పట్టుకుని లేచేది, తిన్నది కక్కేసేది, అయినా ముఖం మాత్రం కళకళలాడుతుండేది. సాయంత్రమయ్యేసరికి చీర మార్చుకుని, జడ వేసుకుని, మంచం మీద కూర్చుని ఎదురుచూసేది. 

చివరికి ఒక సాయంత్రం స్నానాలగది గుమ్మంలో పడిపోయింది. పక్కింటావిడ సాయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో ఏం మండుతుంది?" అని. గీజరు సంగతీ, చెక్క సంగతీ చెప్పాను. గాలాడనిచోట మంట మండితే రంగూ వాసనా లేని విషవాయువు పుడుతుందట. తలనొప్పి, వాంతులు, లేని మనుషులు కనబడడం, లేని అడుగులు వినబడడం, అన్నీ దాని చలవేనట. "ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఇద్దరూ నిద్రలోనే పోయేవారు," అంది. మంచం మీంచి అమ్మ అంతా వింటూనే ఉంది.

ఇంటికి రాగానే చెక్క పీకించేసి, కిటికీకి ఇనుప గ్రిల్ పెట్టించాను. గీజరు తీసుకుపోవడానికి మెకానిక్ రావలసి ఉంది, అందాకా ముట్టుకోవద్దని అమ్మకి చెప్పాను. సరేనంది. మర్నాడు మిషన్ ముందు కూర్చుని ఉంటే నీళ్ళ చప్పుడైంది. పరుగెత్తాను. గీజరు మండుతోంది. అమ్మ తన పాత చీరలన్నీ ఉండలు చుట్టి కిటికీ గ్రిల్‌లో కుక్కుతోంది.

"ఏం చేస్తున్నావమ్మా!"

"అరవకే. ఒక్కసారే. చెప్పాపెట్టకుండా ఆయన్ని పంపించేశావు. ఒక్కమాట చెప్పుకుంటాను."

గ్యాస్ కట్టేసి, చీరలు లాగేసి, ఆవిడని చెయ్యి పట్టుకుని వరండాలోకి ఈడ్చుకొచ్చాను. చిన్నపిల్లని తిట్టినట్టు తిట్టాను. ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఆ పూటే మెకానిక్ ఇంటికి స్వయంగా వెళ్ళి, పిలుచుకొచ్చి గీజరు తీయించేశాను. ఇప్పుడు నీళ్ళు వంటింట్లో, కిటికీ బార్లా తెరిచి కాస్తున్నాను.

ఇక అసలు సంగతి. నిన్న అమ్మకి తల దువ్వుతుంటే, వెనక్కి తిరగకుండానే అడిగింది: "నిజం చెప్పవే, నీకూ వినబడేది కదూ?"

వినబడేదిరా. మిషన్ తొక్కుతూ తొక్కుతూ కాలు ఆపేసేదాన్ని. ముందు పెరటి తలుపు, తరవాత వంటిల్లు, తరవాత నా గది. నా గుమ్మం దగ్గర ఆగి దగ్గేవారు. "ఇంకా పడుకోలేదుటే చిట్టీ," అనేవారు. తల పగిలిపోతున్నా ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నది అందుకే. ఆ పిలుపు మళ్ళీ వినబడాలని ఇప్పటికీ సాయంత్రం కాగానే ప్రాణం కొట్టుకుంటుంది.

వినబడేదని ఒప్పుకుంటే అమ్మా నేనూ కలిసి ఆ కిటికీ మళ్ళీ మూసుకుంటామని భయమేసింది. లేదని చెప్పాను. అమ్మ ఇటు తిరిగి నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"అయితే నా ఒక్కదానికేనా," అంది.

అంతే, అప్పటినుంచీ నాన్న ఊసెత్తడం లేదు. వీలైనంత త్వరగా బయలుదేరి రా. నా దగ్గర చెప్పుకోలేనిది నీ దగ్గరైనా చెప్పుకుంటుంది. ఆవిడ చెబుతున్నంతసేపూ అడ్డు చెప్పకుండా విను, నా సంగతి మాత్రం చెప్పకు.

ఇట్లు,
కిటికీలన్నీ తెరిచి కూర్చున్న
నీ అక్క