ఐదో మాట

మార్చి 24, మంగళవారం

లచ్చయ్య పళ్ళు పీకేశారు. పట్టపగలు. చర్చి ముందరి వేపచెట్టు కింద, కరెంటు పనికి వాడే కటింగ్ ప్లేరుతో.

పళ్ళు లేని నోట మంత్రం పలకదట. బాణామతి చేసేవాడికి ఊళ్ళు కనిపెట్టిన వైద్యం ఇది. కానీ ఇవాళ పీకింది ఊరు కాదు. మా సంఘం. ప్లేరు పట్టింది దేవదానం సొంత అన్న కొడుకులు ఇద్దరు. తల కదలకుండా గడ్డం బిగించి పట్టింది దేవదానం — సంఘ పెద్ద, ఆదివారం కానుకల సంచి తిప్పే చేయి.

నేను పోయేసరికి ఆఖరి పన్ను. చిగురుతో సహా వచ్చింది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు, మిషన్ ఆస్పత్రిలో కంపౌండరుగా తల నెరిసినవాణ్ణి. అక్కడ ముందు మత్తు ఇచ్చేవాళ్ళం.

వదిలేశాక మట్టిలో బోర్లా పడ్డాడు. "దూప" అన్నాడు. చుట్టూ అంతమంది. పక్కనే చర్చి నల్లా. ఎవరూ కదలలేదు. చెంబు నేను తెచ్చాను. తాగిన నీళ్ళు తాగినట్టే ఎర్రగా బయటికి... తోపుడుబండి మీద వేసుకుని ఇంటికి తెచ్చాను. నోట్లో దూది కుక్కాను.

వీడు నా ఇంట్లో. నా మంచం మీద. వీడు —

మార్చి 25

రాస్తాను. రాయకపోతే నిద్ర పట్టదు.

నేను సూది వేసేవాణ్ణి, లచ్చయ్య కామెర్లకు పసరు పోసేవాడు. వాడి వాకిట్లోనే జనం ఎక్కువ. అది మన్నించాను. మన్నించనిది రూతు చావు. సమాధుల తోటకు బాట వాడి చెలక గట్టు మీదుగానే. నా భార్య శవపెట్టె ఎత్తుకుని పోతే కంప అడ్డం వేసి నిలబడ్డాడు. వానలో కాలువకట్ట చుట్టూ తిరిగి మోశాం. మోసేవాళ్ళు జారారు. పెట్టె ఒరిగింది. లోపల ఆమె పక్కకు జరిగి చెక్కకు తగిలిన చప్పుడు — ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే వినిపిస్తుంది.

ఆనాటి నుంచి వీడి మూతి పగలాలని కోరుకున్నాను. మోకాళ్ళ మీద కూడా అదే కోరుకున్నాను. పగిలింది. ఆ మూతికి ఇప్పుడు గంజి పోస్తున్నది నేను.

ప్రేమ అని రాయను, అబద్ధం. నా శత్రువు మీద చెయ్యి వేసే హక్కు వాళ్ళకెవరిచ్చారని నా మంట. పైవాడు దీన్ని కరుణ అనుకుంటే అనుకోనీ. నేను ఒప్పుకోను.

మార్చి 26

దుప్పటంతా గంజి, రక్తం. కళ్ళు మూసుకుని పడి ఉన్నాడు. గొంతు మీద నొక్కితే అయిపోయే పని. చెయ్యి మెడ దాకా పోయింది... జ్వరం చూసి తీసేశాను.

మార్చి 27

అన్నిటికీ మూలం ప్రభాకర్. దేవదానం కొడుకు. దుబాయి నుంచి వచ్చినప్పటి నుంచీ దగ్గు, చిక్కిపోవడం. జగిత్యాల తీసుకుపోయి తెమడ పరీక్ష చేయించమని వాళ్ళ గేటు పట్టుకుని చెప్పాను. దేవదానం నూనె రాసి ప్రార్థన పెట్టించాడు. తగ్గలేదు. అప్పుడు సంఘానికి తెలియకుండా లచ్చయ్య పసరు తాగించాడు. కుర్రవాడు కడుపులో ఉన్నదంతా కక్కాడు. అంతే — బాణామతి అన్నారు. వారం వారం దయ్యాలను వెళ్ళగొట్టే మనుషులు వీళ్ళు. లచ్చయ్య దయ్యాన్ని లచ్చయ్య కంటే ఎక్కువ నమ్ముతారు.

ఎస్సై వచ్చాడు. వేపచెట్టు కింద కుర్చీ. ఎవరు చూశారు, సాక్ష్యం ఎవరు చెప్తారు అని అడిగాడు.

సాక్ష్యం! ఆదివారం ఆ మాట వినపడితే మైకు కోసం తోసుకుంటారు. తలనొప్పి పోయిందని, బర్రె సుఖంగా ఈనిందని. ఇవాళ అందరివీ నేల చూపులే. నా వంతు వచ్చింది. వెనక నుంచి దేవదానం, మెల్లగా — "అక్క పక్కపొంటి జాగ నీకే ఉంచినం కంపౌండరూ. సంఘం మాట మీద ఉంటేనే."

పడి ఉంటే నీళ్ళిచ్చాను, అంతకంటే తెలియదు, అన్నాను ఎస్సైతో.

రూతు పక్కన ఆరడుగుల మట్టి. దానికి అమ్ముడుపోయాను.

మార్చి 29, మట్టల ఆదివారం

పాస్టరయ్యగారు. దెబ్బలు తిని దారిలో పడినవాణ్ణి చూసి దాటిపోయిన యాజకుడి మీద ఏటేటా ప్రసంగం చేస్తాడు, బాగా చేస్తాడు. ఈ వారమంతా నా వాకిలి ముందు నుంచి స్కూటరు మీద దాటిపోయాడు. ఇవాళ ఆపాడు. దిగలేదు. సమాధానపడమన్నాడు, అంటే రాజీ. పండుగ ముందు పోలీసులు, కేసులు సంఘానికి శోభ కాదన్నాడు. ఎవరు ఎవరితో సమాధానపడాలి అని అడిగాను. స్కూటరు స్టార్టు చేశాడు.

గుడ్ ఫ్రైడే నాడు యేసు ఏడు మాటల మీద ప్రసంగించడానికి ఏడుగురి పేర్లు చదివారు. సిలువ మీది మొదటి మాట, క్షమాపణ — ఎప్పటిలాగే దేవదానానికి. ఐదోది, దప్పిక — నాకు. అన్నిటికంటే చిన్న మాట. ముసలివాడు తొందరగా ముగిస్తాడని.

మార్చి 30

లచ్చయ్యకు మాట వస్తోంది. సగం గాలి. ఇవాళ్టి మొదటి మాట — "ఉప్పు లేదు."

నీకు పళ్ళే లేవు కదా అన్నాను.

"నాలికె ఉన్నది గద."

అప్పుడు అడిగేశాను, ఆనాడు కంప ఎందుకు అడ్డం వేశావని. గోడ వైపు తిరిగాడు. "భయమైంది. పీనుగ పోయిన చెలకల గింజ పండదని మా బాపు చెప్పిండు." మళ్ళీ ఊపిరి పీల్చుకుని — "గిప్పుడు వీళ్ళకు నన్ను జూస్తే భయమైంది. గంతే."

గంతేనట. క్షమించమనలేదు. అడిగి ఉంటే కొట్టేవాణ్ణి.

కేసు వద్దంటాడు. ఇచ్చోడలో కూతురు ఉంది, ఇంతవరకు తొంగి చూడలేదు. ఆమె దగ్గరికి పోతాడట. "గీ మూతేసుకొని పోతే మనవరాలు జడుసుకుంటదేమో" అని నవ్వబోయాడు. చిగురు పుండు పగిలి రక్తం కారింది. నవ్వకురా గాడిదా అని తిట్టి మళ్ళీ దూది పెట్టాను.

మార్చి 31

మధ్యాహ్నం ఇంటి మీద రాళ్ళు. పుస్తకాల అల్మారా అద్దం పగిలింది. పెంకులు అరికాల్లో దిగాయి. నాకు నేనే పీకి కట్టు కట్టుకున్నాను.

ఈ పుస్తకాలన్నీ చదివినవాణ్ణి. దూరదేశాల్లో మంత్రగత్తెలని ముసలమ్మలను కట్టెలకు కట్టి కాల్చిన చరిత్ర చదివి ఎన్నిసార్లు నిట్టూర్చానో. నిట్టూర్చడం సుఖం. ఆ గుంపులో మన మనిషి ఎవడూ ఉండడు.

ఏప్రిల్ 2

నోట్లో చీము తగ్గింది. నేను ఏమీ తినలేదు. రేపు ఐదో మాట.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

చాలా పొద్దుపోయింది. అయినా రాస్తాను.

దేవదానం తెల్లబట్టల్లో. శత్రువులను క్షమించడం గురించి చెప్పి చెప్పి రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆడవాళ్ళు కూడా ఏడ్చారు. నాలుగో మాట అయింది. నా పేరు పిలిచారు. లేచాను.

రాసుకున్న కాగితం జేబులోనే ఉంచాను. పుస్తకభాష రాలేదు నోటికి. "దప్పిక అని చదివినం. మన ఇండ్లల్ల దూప అంటం. మొన్న మంగళారం గీ చర్చి ముంగట ఒకడు దూప అన్నడు. మీ చేతులు చెంబు మీదికి పోలే. ప్లేరు మీదికి పోయినయి. గా చేతులు ఎవరియో చెప్తున్న, ఇనుండ్రి."

చెప్పాను. మూడు పేర్లు. దేవదానం పేరు ముందు. మైకు ఆగిపోయింది. గొంతుతో చెప్పాను. ఎస్సైకి అబద్ధమాడిన నా పేరు కూడా చెప్పాను.

అన్న కొడుకుల్లో పెద్దవాడు వేదిక ఎక్కి కొట్టాడు. ప్లేరు పట్టిన అదే చెయ్యి. కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. పడ్డాను, బల్ల అంచుకు పెదవి తగిలి చీలింది. డొక్కలో కాలు. ఉప్పగా రక్తం. ఎవరూ లేవలేదు. పాస్టరయ్యగారు ప్రార్థిద్దాం అన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు — ఎంత సులువైన పని! ఆమెన్ అన్నాక ఆరో మాట చెప్పేవాడు లేచి, చొక్కా సర్దుకుని మొదలుపెట్టాడు.

ఆ పెదవితోనే ఆటో ఎక్కి స్టేషనుకు పోయాను. ఎస్సై రాసుకున్నాడు. "ఆ దినం గిట్ల చెప్పలేదేంది పెద్దమనిషీ?" ఆ దినం చావడానికి జాగా వెతుక్కుంటున్నానన్నాను. అర్థం కాలేదు అతనికి. సంతకం పెట్టాను.

ఇంటికి వచ్చి లచ్చయ్యకు చెప్పాను. నా పెదవి చూశాడు. "ఇగ నీకు సుత గంజే" అన్నాడు.

ఏప్రిల్ 4

ముగ్గురినీ తీసుకుపోయారు. సాయంత్రానికి సంఘం తీర్మానం అయింది, చెప్పడానికి ఒక కుర్రపెద్దను పంపారు. సమాధుల తోటలో నాకు చోటు లేదు.

రూతూ.

ఏప్రిల్ 5, ఈస్టర్

పునరుత్థాన పాటలు. మైకు బాగానే పనిచేస్తోంది ఇవాళ.

ఏప్రిల్ 6, సోమవారం

పొద్దున్నే సునీత వచ్చింది. ప్రభాకర్ భార్య. వాకిట్లో ఆటో, ఆటోలో వాడు — తలుపు కమ్మీకి తల ఆనించి, ఒళ్ళో తువ్వాల. తువ్వాల ఎర్రగా. తెల్లవారినప్పటి నుంచి దగ్గితే రక్తమేనట.

గడప దాటలేదు ఆ పిల్ల. ఏడవలేదు. వందనాలు కూడా చెప్పలేదు.

"ఉన్న మొగోళ్ళందర్ని జైల్ల ఏపిస్తివి తాతా. ఇగ నువ్వే తోల్కపోవాలె."

వాళ్ళను వేయించింది నేను కాదు, వాళ్ళ చేతులు — అనబోయాను. ఆమె చేతుల్లో ఏముంది? మందుల చీటీ, మంచినీళ్ళ సీసా. లోపలికి వచ్చాను.

జగిత్యాల పెద్దాస్పత్రిలో నన్ను ఎరిగినవాళ్ళు ఉన్నారు. పోతే మంచం దొరుకుతుంది. ఒంటరి పిల్ల పోతే వరండా.

ఇది ఎవరూ చదవరు కనుక రాస్తున్నాను. చావనీ. దేవదానం బేడీలతో వచ్చి కొడుక్కి మట్టి ఇవ్వనీ. నా కడుపు చల్లబడుతుంది. రెండు వారాలుగా నాలో ఇంత సంతోషం పుట్టలేదు, ఈ వాక్యం రాస్తుంటే పుట్టింది. ఎంత తియ్యగా ఉందో రాయడానికి నాకు సిగ్గు కూడా లేదు.

లచ్చయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. కిటికీలోంచి ఆటో వైపు చూస్తున్నాడు. పొమ్మని గానీ, పోవద్దని గానీ, ఏదో ఒకటి అనవచ్చు కదా.

చొక్కా వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో... గుండీలు పెట్టకుండా కూర్చుని ఇది రాస్తున్నాను. వాడు దగ్గుతున్నాడు. ఇక్కడికి వినిపిస్తోంది.

సునీత మళ్ళీ పిలవలేదు. ఆటోవాడు ఇంజను ఆపేశాడు.