గోడ అవతలి స్నేహితుడు

శామీర్‌పేట

అమ్మా, నేను క్షేమం. ఫోనులో అయితే ఏడుస్తానని కార్డు రాస్తున్నాను. నేను చూసుకుంటున్న నరసింహ సారు మొన్న పోయారు. వయసులో ఉన్నప్పుడు ఆయన సోవియట్ రష్యాలో, సైంటిస్టుల కోసమే అడవిలో కట్టిన ఊళ్లో ఉన్నారు. ఆ ఊరు పటంలోనే ఉండేది కాదట. మాటలు ఎవరైనా వింటారని పక్కింటి స్నేహితుడితో గోడ తట్టి మాట్లాడేవారట. ఇక్కడా రోజూ పక్కనున్న ఖాళీ ఫ్లాటు వైపు గోడ తట్టేవారు. "రెండుసార్లు కొడితే మంచిగున్న అన్నట్టు బిడ్డా," అనేవారు.

నిన్న ఆయన పరుపు ఎత్తుతుంటే అటునుంచి ఎవరో తట్టారు. వెళ్లి చూస్తే తాళం వేసే ఉంది. మళ్లీ తట్టారు. సారు లేరని ఎలా తట్టాలో నాకు నేర్పలేదు. రెండుసార్లు కొట్టాను. చప్పుడు ఆగింది.

నాయిన మోకాలి నొప్పి తగ్గిందా? అందరికీ వందనాలు. ఆదివారం వస్తాను, నా మంచం గోడకు దూరంగా వేయి.

జాస్మిన్